బుధవారం నాలుగింటి తాళం

స్వేయా నోట్‌బుక్ తెరిచేసరికి, తాను రాసిన ఇంగ్లిష్ వాక్యాల మీద పద్నాలుగు చోట్ల ఎర్ర పెన్సిల్ గీతలున్నాయి.

ఆ నోట్‌బుక్ సంగతి ఎవరికీ తెలియదు. తెలియకూడదనే దాన్ని భవనం అడుగున ఉన్న బట్టలుతికే గదిలో, సబ్బుపొడి డబ్బా వెనక దాచింది. ప్రతి బుధవారం ఆరింటికి ఆమె వంతు. మెషిన్ తిరుగుతున్నంతసేపూ అక్కడే కూర్చుని, పైకి చదువుతూ సాధన చేసేది.

ఆఖరి గీత కింద ఒక మాట రాసి ఉంది: ‘పరీక్షకు ఇంకా మూడు వారాలున్నాయి. కంగారు పడకండి.’

పరీక్ష సంగతి కూడా తెలుసా! ఆమె చెవులు వేడెక్కాయి.

డెన్మార్క్ వెళ్ళే ఫెర్రీ ఓడ వంటగదిలో నాలుగేళ్ళుగా బంగాళాదుంపలు చెక్కుతోంది స్వేయా. ప్రయాణికుల భద్రతా సిబ్బందిలో చేరాలంటే ఇంగ్లిష్ పరీక్ష గట్టెక్కాలి. ఒకసారి తప్పింది. తన మాతృభాష స్వీడిష్‌లో నేను వెళ్ళినా, ఆమె వెళ్ళినా, ఊరంతా వెళ్ళినా క్రియ ఒక్కటే. ఇంగ్లిష్‌లో కర్త మారితే క్రియ వేషం మార్చాలి. ఆ వేషం దగ్గరే ఆమె బోల్తా పడుతోంది. ఈసారీ తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరిది.

నోట్‌బుక్ పట్టుకుని విసురుగా మెట్లెక్కింది. మొదటి తలుపు ముందే మూడో నంబర్ ఫ్లాట్ హల్వార్ ఎదురయ్యాడు. మార్చిలో ఇతను ఆరబెట్టే మెషిన్ జల్లెడలో పేరుకున్న బట్టల దూది తీయలేదని, ‘ఈ దూది మీరు తలగడలో నింపుకోండి’ అని రాసి అతని తలుపుకే అంటించింది.

"నా నోట్‌బుక్ ముట్టుకున్నది మీరేనా?"

"ఏం నోట్‌బుక్? జల్లెడలో దూది దొరికిందా మళ్ళీ?"

"మాట మార్చకండి. కింద బల్ల మీద పెన్సిల్ పొట్టు ఉంది. మెషిన్ ఇంకా వేడిగా ఉంది. నాకంటే ముందు వంతు ఎవరిది?"

"గోడ మీద బోర్డుంది కదండీ. నా తాళం శనివారంలో ఉంది, వెళ్ళి చూసుకోండి."

చూసుకుంది. బోర్డు మీద రోజుకో వరుస, రెండు గంటలకో రంధ్రం. ఎవరి వంతులో వాళ్ళ ఫ్లాట్ నంబరున్న చిన్న తాళం. శనివారం పొద్దున మూడో నంబర్. బుధవారం నాలుగింటికి తొమ్మిది.

తొమ్మిదంటే గున్వోర్ గారు! డెబ్బై దాటిన ఆ పెద్దావిడా ఈ ఎర్ర పెన్సిల్ పట్టింది? స్వేయా కోపం చల్లారిపోయింది. ఆవిడ మొహమాటపడుతుందేమోనని అడగలేదు. నోట్‌బుక్‌లోనే ‘ఇంకా రాయండి’ అని రాసి, డబ్బా వెనక పెట్టేసింది.

మరుసటి బుధవారం ఎర్ర గీతలు ఆరు. వాటి పక్కన పది కొత్త వాక్యాలు, సాధనకు. ‘నాలుగో అంతస్తు అమ్మాయి మెట్ల మీద పాడుతుంది. ఆమె మేజోళ్ళు ఎప్పుడూ జత కుదరవు.’ స్వేయా కాళ్ళ వంక చూసుకుంది. ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. ఆవిడ చూపు భలే చురుకు!

ఆ తర్వాతి వారం రెండే గీతలు. నాలుగో బుధవారం ఒక్కటీ లేదు.

గురువారం పరీక్ష. శుక్రవారం పన్నెండింటికి ఫోన్ వచ్చింది. పాసైంది. వచ్చే నెల నుంచి భద్రతా సిబ్బందిలో ఉద్యోగం. ఫోన్ పెట్టేసి తన వంటింటి నేల మీదే కూలబడింది స్వేయా. మూడు వారాలుగా బిగపట్టిన ఊపిరి అప్పుడు వదిలింది. ఆ వెంటనే పిండి కలిపి, ఏలకుల బన్నులు కాల్చి, వేడివేడిగా తొమ్మిదో నంబర్ తలుపు తట్టింది.

"మీ వల్లే పాసయ్యాను, గున్వోర్ గారూ!"

"నా వల్లా? ఏం పాసయ్యావే?"

"ఇంగ్లిష్. ఇంకా దాస్తారేం?"

"నాకు ‘థాంక్యూ’ తప్ప ఇంగ్లిష్ ముక్క రాదమ్మాయ్."

"మరి బుధవారం నాలుగింటికి ఉన్నది మీ తాళమే కదా?"

పెద్దావిడ వరండా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "తాళం నాదే, మనిషి నేను కాదు. నెల కిందట మూడో నంబర్ కుర్రాడొచ్చి, తన శనివారం వంతు నాకిస్తానన్నాడు. బోర్డు మీద తాళాలు మాత్రం ఎక్కడివక్కడే ఉంచుదాం, ఎవరికీ చెప్పొద్దన్నాడు. శనివారం పొద్దుటి వంతు! దానికోసం నేను పదకొండేళ్ళుగా ఎదురుచూస్తున్నానే. మతి పోయిందేమో అనుకున్నా. అయినా నోరు మూసుకుని తీసేసుకున్నా."

స్వేయా రెండు బన్నులు ఆవిడ చేతిలో పెట్టి, మెట్లు రెండేసి చొప్పున దిగింది.

హల్వార్ తలుపు తీశాడు. అతని వెనక బల్ల మీద స్కూలు పిల్లల పరీక్ష పేపర్ల దొంతర, దాని మీద ఎర్ర పెన్సిల్.

"మీ వంతు శనివారమన్నారు!"

"నా తాళం శనివారంలో ఉందన్నాను. ఉంది కదా." అతను పళ్ళెం వైపు, ఆమె మొహం వైపు మార్చి మార్చి చూశాడు. "పాసయ్యారా?"

"అయ్యాను."

అతను తలుపు చెక్కకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. పరీక్ష రాసింది తానే అన్నట్టు పొడుగ్గా ఊపిరి వదిలాడు.

"బన్నులు చల్లారిపోతున్నాయి. త్వరగా ఒప్పుకోండి," అంది స్వేయా. నవ్వు ఆపుకోవడం ఆమె వల్ల కావడం లేదు.

"సరే, నేనే. మీరు కింద చదివే ప్రతి మాటా నా వంటింటి గొట్టంలోంచి వినిపిస్తుంది. మొదటిరోజు చెవులు మూసుకున్నాను. ఇంగ్లిష్ టీచర్ని, ఆ తప్పులు భరించలేకపోయాను. రెండోసారి మీరు, ‘ఈసారీ తప్పితే జన్మంతా బంగాళాదుంపలే’ అని మిమ్మల్ని మీరే తిట్టుకుని, ముక్కు చీది, మళ్ళీ మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టారు. ఆ రోజు నుంచి బుధవారాలు నేనెక్కడికీ వెళ్ళలేదు. ఎదురుగా వచ్చి నేర్పుతానంటే, విన్నానని తెలిసి చదవడం మానేస్తారేమోనని భయం. అందుకే వంతు మార్చాను, తాళం మాత్రం కదపలేదు, ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికాను. మొన్న మీ నోట్‌బుక్ మూడుసార్లు వెతికాను. ఒక్క తప్పూ దొరకలేదు. టీచర్ని కదా, సంతోషించాల్సింది. కానీ స్వేయా, నాకు భయమేసింది. వచ్చే బుధవారం కిందికి రావడానికి ఇక నాకు వంకే లేదు."