మరియదాసు బిగించిన తలుపు

ఫిల్మ్ నగర్ మొత్తమ్మీద కారు తలుపు బిగించాలంటే మరియదాసే. ఆయన సరిచేసిన తలుపు మూస్తే చప్పుడుండదు, నిట్టూర్పొకటి వినబడుతుంది, అంతే. లోపల దోమ చిక్కిందా, అక్కడే పెళ్లాడి, అక్కడే ముసలిదై పోవాల్సిందే!

అలాంటి మహానుభావుడి షెడ్డుకి ఒక వానాకాలం సాయంత్రం పాత నల్ల కారొకటి వచ్చింది. షూటింగు కోసం దాని అద్దాలన్నిటికీ నల్ల కాగితం అంటించారు. ఛేజింగు సీనుకని మూడు తలుపులు ముందే వెల్డింగు పెట్టి మూసేశారు. మిగిలిన నాలుగోదానికీ ఫ్రేముకీ మధ్య వేలు దూరేంత సందు.

"పొద్దున హీరోగారు దిగేది ఆ తలుపులోంచేనండీ," అన్నాడు ప్రొడక్షన్ మేనేజరు వెంకటేశ్వరరావు. "మీ పేరు చెప్పి డైరెక్టరుగారికి మాటిచ్చేశాను."

"మరియదాసు చెయ్యి పడ్డాక ఇంకా దిగులేంటండీ? వెళ్లి పడుకోండి."

ఫ్రేము వంచాడు. తలుపు అతికినట్టు కూర్చుంది. పక్కకి తిరిగి చూసేసరికి అదే సందు. మళ్లీ వంచాడు. మళ్లీ సందు. ఎవరో లోపల్నించి వేలు అడ్డం పెట్టినట్టు...

పంతం వచ్చింది. ఫ్రేము పొడవునా ఇనప పట్టీ పెట్టి వెల్డింగు చేశాడు. రేకుల మీద వాన. కాలిన రంగు వాసన. దాని వెనకాలే, ఎక్కణ్ణించో, పాత మేకప్ పౌడరు వాసన.

అన్నం డబ్బా తెచ్చిన భార్య తెరెసా వెనకే ఉంది. వెల్డింగు మాస్కు తియ్యకుండానే అన్నాడు: "లోపల కూర్చోవే. ఎక్కడైనా వెలుతురు కనబడితే చెప్పు."

ఆ నల్లద్దంలోంచి ఏమీ కనబడదు. సీటు స్ప్రింగులు కిర్రుమన్నాయి. తలుపు మూశాడు. నిట్టూర్పు.

"వెలుతురుందా?"

"లేదు..."

"అదీ మరియదాసంటే!" మాస్కు పైకెత్తి, హ్యాండిలు లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు.

లోపల్నించి అరచేతులు అద్దం మీద కొడుతున్నాయి.

"గాలి... గాలాడట్లేదు..."

గడ్డపలుగు అందుకున్నాడు. మొన దిగే సందేదీ? పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తన పనితనాన్ని తనే తిట్టుకున్నాడు. అద్దం పగలగొట్టడానికి సుత్తి ఎత్తాడు.

భుజం మీద తడి చెయ్యి పడింది.

"ఎవరితో మాట్లాడుతున్నావయ్యా? నేను కుళాయి దగ్గర డబ్బా కడుగుతున్నాగా!"

తెరెసా.

లోపల దెబ్బలు ఆగలేదు. హ్యాండిలు దానంతటదే తిరిగింది. తలుపు... మెల్లగా... వేలంత తెరుచుకుంది.

"మూసెయ్," గుసగుసలాడింది తెరెసా. "మూసెయ్యవయ్యా!"

భుజంతో నెట్టి, మాస్కయినా దించకుండా బయటివైపు తలుపు చుట్టూ వెల్డింగు పెట్టేశాడు. పేరు పోతే పోయింది. చప్పుడు ఆగింది. ఇద్దరూ వానలోనే రహమత్ నగర్ ఇంటికి పరుగెత్తారు.

తెల్లవారగానే ఫోను.

"ఏంటండీ ఈ ఘోరం!" వెంకటేశ్వరరావు అరుస్తున్నాడు. "తలుపు రాదు. కాగితం చించి చూస్తే కారులో ఎవరూ లేరు, సీటు మీద అన్నం డబ్బా ఒకటుంది, అంతే. బయట వెల్డింగు చుక్క లేదు, అంతా లోపలివైపే ఉంది. లోపల కూర్చుని వెల్డింగు పెట్టినవాళ్లు బయటికెలా వచ్చారండీ?"

మరియదాసు ఫోను దించాడు. వెనకనుంచి తెరెసా వచ్చి భుజం మీద చెయ్యేసింది.

ఆ చెయ్యి ఇంకా తడిగానే ఉంది. పౌడరు వాసన వేస్తోంది.