చీకటి గదిలో చిక్కుడాకులు

మా ఆయన పోయాక నేను మళ్లీ కాలేజీకి వెళ్లిన వారంలోనే ఆకుల్లో పిండిపదార్థం పరీక్ష చూపించాల్సి వచ్చింది. ఏటా చూపించేదే. మేమిద్దరం ఒకే కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాళ్లం. పిల్లలు చాటుగా నన్ను ఆకు మేడమ్ అనీ, ఆయన్ని వేరు సారు అనీ పిలుచుకునేవాళ్లు.

స్టాఫ్‌రూమ్‌లో అందరూ ఒకసారి నా మొహం చూసి, తర్వాత వాళ్ల టీ కప్పుల్లోకి చూసుకునేవాళ్లు. నేను ఏడవలేదు. గుండె రాయయిపోయిందని వెనకాల అనుకున్నారట. రాయి కూడా కాదు. పన్ను పీకే ముందు మత్తు సూది వేసిన దవడలా ఉండేది లోపలంతా. ఇంట్లో అత్తయ్యదీ అదే వరస. ఉన్న ఒక్క కొడుకూ పోయాడు, ఆవిడా ఏడవలేదు. కంచాల ముందు కూర్చునేవాళ్లం, లేచేవాళ్లం. ఏం తిన్నామో అడిగితే ఇద్దరం చెప్పలేం.

పరీక్షకి ముందు మొక్కల్ని చీకట్లో ఉంచాలి. వెలుతురు లేకపోతే ఆకు వంట మానేస్తుంది, దాచుకున్న పిండిపదార్థం వాడేసుకుంటుంది. అలా ఖాళీ అయిన ఆకు మీద అయోడిన్ వేస్తే గోధుమరంగుగానే ఉంటుంది. ఎండలో ఉన్న ఆకు మీద వేస్తే నల్లగా, నీలంగా మారిపోతుంది. మా చీకటి గది వరండా చివర ఉంది. కిటికీ లేదు. ఆయన కుప్పకూలింది ఆ గదిలోనే, స్టూలు పక్కన, పట్టపగలు. అప్పటినుంచి నేను అందులోకి అడుగు పెట్టలేదు. చిక్కుడు కుండీలు మొన్ననే లోపల పెట్టించాను గానీ, గుమ్మం బయటే నిలబడి.

పెట్టింది మా అటెండరు. తాళాలన్నీ అతని నడుముకే ఉంటాయి కాబట్టి తాళాల తాతయ్య అంటాం.

ఆ మధ్యాహ్నం తాళం తీస్తూ, "మా ఆవిడ నా మాట వినదు, ఈ తాళమూ వినదు," అన్నాడు నన్ను నవ్వించడానికి. నేను నవ్వాను. మొహం కదిలింది, అంతే.

తలుపు తెరవగానే తడిమట్టి వాసన. దాని వెనక ఇంకేదో, ఎండలో ఆరేసిన బట్ట వాసన లాంటిది. కిటికీ లేని గదిలో ఆ వాసన ఎలా వస్తుందా అనుకున్నాను. లైటు వేశాను.

కుండీలన్నీ గోడవారన వరసగా ఉన్నాయి. మొక్కలన్నీ ఒకే వైపుకి వంగి ఉన్నాయి. స్టూలు వైపుకి.

మొక్క వెలుతురు ఎటుంటే అటు వంగుతుంది. అది పాఠం. వెలుతురే లేనప్పుడు నిటారుగా సాగుతుంది. అదీ పాఠమే.

"ఎక్కడో సందుందేమో, తాతయ్యా. తలుపు వేసి చూస్తాను. మీరు బయటే ఉండండి."

లైటు ఆర్పి తలుపు మూసుకున్నాను. కళ్లు అలవాటు పడేదాకా నిలబడ్డాను. గోడల్లో గానీ పైకప్పులో గానీ గీతంత వెలుగు లేదు. అప్పుడు వినిపించింది. టిక్... టిక్...

కాండంలో నీళ్లు వేరు నుంచి ఆకుదాకా తెగని దారంలా పైకి సాగుతాయి. మొక్క దాహంతో ఉన్నప్పుడు ఆ దారం తెగుతుంది. తెగినప్పుడు చిన్న చప్పుడవుతుంది. కానీ మనిషి చెవికి అది అందదు. పరికరం పెట్టి వినాలి.

నేను ఉత్త చెవులతో వింటున్నాను.

"ఏమండీ?" అన్నాను. ఎందుకన్నానో తెలీదు.

చప్పుడు ఆగిపోయింది. అన్ని కుండీల్లోనూ, ఒక్కసారే.

బయటికొచ్చి తాతయ్యతో ఒక కుండీ ల్యాబ్‌కి తెప్పించాను. పెద్ద ఆకొకటి తుంచి వేడినీళ్లలో ముంచి, స్పిరిట్‌లో మరిగించాను. పచ్చదనమంతా దిగిపోయి ఆకు తెల్లబడింది. పింగాణీ పళ్లెంలో పరిచి అయోడిన్ వేశాను. గోధుమరంగు మెల్లగా పాకింది. అలాగే ఉండిపోవాలి.

ఉండలేదు. ఆకు అంచు నుంచి నాలుగు చారలు నీలంగా తేలాయి. వాటికి ఎదురుగా ఇంకొకటి, పొట్టిగా, వెడల్పుగా. నాలుగు వేళ్లు, ఒక బొటనవేలు. ఎవరో ఆకుని ఆప్యాయంగా పట్టుకున్నట్టు. పట్టుకున్నంత మేరకే ఆకు వంట చేసింది. మిగతాదంతా ఖాళీ.

తాతయ్య నా భుజం మీదుగా చూశాడు. తాళాల గుత్తి చప్పుడు కాకుండా గుప్పిట్లో పట్టుకున్నాడు.

"పారెయ్ అమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. ఎప్పుడూ మేడమ్ అనేవాడు.

"ఆయన చెయ్యే," అన్నాను.

"ఎవరిదైతేనేం. పారెయ్."

భయం వేయాలి నిజానికి. నాకు మాత్రం ఆ చారలు చూసి కాస్త అసూయ వేసింది. అన్నాళ్లలో నాకు ఏదైనా అనిపించడం అదే మొదలు. ఆయన వచ్చి మొక్కల్ని పట్టుకున్నారు, నన్ను కాదు.

తాతయ్య టీకి వెళ్లాడు. నేను తిరిగి చీకటి గదిలోకి వెళ్లి, తలుపు వేసుకుని, స్టూలు మీద కూర్చున్నాను. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

చాలాసేపు ఏమీ లేదు. మట్టి వాసన. నా ఊపిరి. తర్వాత ఎక్కడో ఆకు ఒకటి గరగరలాడింది. ఇంకొకటి. గాలి లేదు... ఫ్యాను లేదు... ఆకులన్నీ ఒకటొకటిగా తిరుగుతున్నాయి. ఎటో నాకు కనిపించదు. కానీ తెలుస్తోంది.

నా ఎడమ మణికట్టు వెచ్చబడింది.

పొద్దుటి ఎండ కిటికీలోంచి చేతి మీద పడితే ఎలా ఉంటుందో, అలా. నాలుగు వేళ్లు. బొటనవేలు. నొక్కడం లేదు. ఊరికే పట్టుకుని ఉన్నాయి. దవడ మత్తు వదిలినట్టు లోపల ఏదో జివ్వుమంది. ఇప్పుడు ఏడుస్తాను అనుకున్నాను.

"మీరేనా?"

చెవి పక్కన ఊపిరి.

"కదలకు."

ఆయన గొంతే. కానీ ఆయన నాతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు. బతిమాలడమూ కాదు, కోపమూ కాదు. కుండీలో నాటిన మొక్క పక్కకి వాలుతుంటే సరిచేసేవాడి గొంతు.

లేవబోయాను. కాళ్లు రాలేదు. తిమ్మిరి కాదు. అరికాళ్లు నేలకి అతుక్కున్నట్టు, ఇంకా కింద దేన్నో వెతుక్కుంటున్నట్టు...

"కదలకు."

తలుపు భళ్లున తెరుచుకుంది. తాతయ్య. వరండా వెలుతురు మీద పడగానే నా మెడ దానంతటదే అటు తిరిగింది. తాతయ్య నా రెండు చేతులూ పట్టి లాగితే లేచాను. లేస్తుంటే అరికాళ్ల దగ్గర చిన్నగా ఏదో తెగింది.

చెప్పులు తీసి చూసుకున్నాను. ఏమీ లేదు.

ల్యాబ్‌లో అయోడిన్ సీసా మూత ఇంకా తీసే ఉంది. దూది ముంచి మణికట్టు మీద రాశాను. మనిషి చర్మం గోధుమరంగుకి తిరిగి ఆగిపోవాలి. నేను సింకు అంచు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. నాలుగు చారలు. ఒక పొట్టిది. నీలం.

తాతయ్య చూడకుండా కొంగు లాగి మణికట్టు కప్పుకున్నాను.

ఇల్లు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. అత్తయ్య బాల్కనీలో నిలబడి ఉంది, మొహం పైకెత్తి, కళ్లు మూసుకుని. వంటింట్లో పొయ్యి వెలిగించిన జాడ లేదు.

"భోంచేశారా అత్తయ్యా?"

"ఆకలి లేదమ్మాయ్. పొద్దుటినుంచీ లేదు."

నాకూ లేదు. ఆ మాట పైకి అనలేదు.

"మీ చెయ్యి ఒకసారి చూపించండి."

ఆవిడ ఎడమ చేయి వెనక్కి పెట్టుకుంది. "చూడ్డానికేముంది అందులో? ఇలా వచ్చి నిలబడు. బాగుంది ఇక్కడ."

ఆవిడ మా కాలేజీ ఎప్పుడూ చూడలేదు. ఆ గది ఎక్కడుందో కూడా తెలీదు.

వెళ్లకూడదనుకున్నాను. పక్కన నిలబడ్డాను. ఎండ బాగుంది. నా జీవితంలో ఏ అన్నమూ అంత బాగాలేదు. పొద్దు మెల్లగా జరిగింది. మేమూ జరిగాం. ఎప్పుడు కళ్లు మూశానో తెలీదు. తెరిచేసరికి వెలుతురు పోతోంది. లోపలికి వెళదామని ఆవిడతో అనబోయాను. నోరు తెరవబుద్ధి కాలేదు.

పాదాలకి చల్లగా తగిలింది. కిందికి చూశాను.

మా ఇద్దరి పాదాల చుట్టూ ఎవరో నీళ్లు పోసి వెళ్లారు.