దీవి కాపలా

ఆదివారం లేత్ షాపుకు సెలవు. అయినా మేస్త్రీ షట్టర్ సగం ఎత్తి లోపలికి దూరి, మళ్ళీ కిందికి దించేశాడు. మిషన్ల మీద గోనెపట్టాలు, నేల మీద ఇనుప రజను, గోడలకు పట్టేసిన ఆయిల్ వాసన. బయట పగలంతా ముసురు. ఇంట్లో అమ్మ ముందు ఫోన్‌లో ఆ ఆట తెరవడానికి అతనికి మొహం చెల్లలేదు.

ఆట నేర్పింది తమ్ముడే. ప్రపంచపటం మీద వేలమంది ఆడతారు. ఎవరు గెలిచిన నేల వాళ్ళ రంగులో కనబడుతుంది. యజమాని వారంరోజులు ఆట తెరవకపోతే అది బూడిదరంగుకు తిరుగుతుంది, ఎవరైనా తన్నుకుపోవచ్చు. యజమాని రాలేనప్పుడు అతను నమ్మినవాళ్ళు రోజూ అక్కడిదాకా వెళ్ళి కాపలా కాయాలి. ఎన్నాళ్ళో కాపలాదారే ముందుగా రాయాలి.

మేస్త్రీకి ఎర్రరంగులో పదిహేడు నేలలు. తమ్ముడికి నీలంరంగులో ఒక్కటే, ఉత్తరం మూల బుల్లి దీవి. ఆటలో పేరు మాత్రం పొట్టి సేనాపతి. సేన ఏదిరా అని ఏడిపిస్తే, "నువ్వున్నావుగా" అనేవాడు.

ఆసుపత్రిలో చేరేముందు వాడు అడిగింది ఒక్కటే.

"పదకొండు రోజుల్లో వచ్చేస్తా. నేను వచ్చేదాకా దీవి చూసుకో అన్నా."

ఇంటి తాళం చేతికిచ్చినట్టు అనుమతులన్నీ ఇచ్చేశాడు.

ఓడలో ఆ మూలకు వెళ్ళాలంటే అరగంట. మేస్త్రీ రెండు రోజులు వెళ్ళాడు. మూడోరోజు బద్ధకించి, అంతదూరం వెళ్ళే పని తప్పుతుందని దీవిని తన పేరుకే మార్చేసుకున్నాడు. ఇంట్లోదే కదా, ఎవరి పేరున ఉంటే ఏం అనుకున్నాడు. నమ్మి అప్పజెప్పినదాన్ని మింగేసే ప్రతి మనిషీ మొదట అనుకునే మాట అదే.

పదోరోజు తమ్ముడికి ఫోన్ చూసే ఓపిక వచ్చింది.

"దీవి ఎర్రగా ఉందేంటన్నా?"

"ఆటలోనే ఏదో తప్పు. రేపటికి సరవుతుంది, పడుకో."

వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. తెల్లారేసరికి లేడు.

అది జరిగి నలభై రోజులు. అప్పట్నుంచి మేస్త్రీ ఆట ముట్టలేదు. దీవి ఎవరి పాలైనా సరే, కాళ్ళావేళ్ళా పడి తమ్ముడి రంగు వేయించాలని ఇవాళ తెరిచాడు. తనవన్నీ ఎప్పుడో బూడిదై ఉంటాయనుకున్నాడు.

పటం విచ్చుకుంది. పదిహేడూ ఎర్రగానే ఉన్నాయి.

ఒకదాన్ని నొక్కాడు. కాపలా: పొట్టి సేనాపతి. ఇంకోటి నొక్కాడు. పొట్టి సేనాపతి. ఒక్కరోజూ తప్పలేదు... నలభై రోజులు.

అమ్మకు ఫోన్ చేసి, తమ్ముడి ఫోన్ ఎక్కడుందని అడిగాడు. వాడి చొక్కాలో చుట్టి బీరువాలో పెట్టానని, ఆరోజు నుంచి చార్జింగైనా పెట్టలేదని అంది. ఇప్పుడెందుకురా అంది. ఊరికే అన్నాడు.

షాపులో ఆయిల్ వాసన లేదు. ఫినాయిల్ వాసన... తడిసిన దుప్పటి వాసన...

ఓడను ఉత్తరానికి తిప్పాడు. శబ్దం తీసేసిన ఫోన్‌లో అలలు వినిపించాయి. తర్వాత అడుగులు. ఇసుకలో... కాదు. ఇనుప రజనులో. తన వెనక.

తిరిగి చూడలేదు.

దీవి వచ్చింది. నీలంగా ఉంది. ఒడ్డున పొట్టి మనిషి ఒక్కడే, కోటగోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"నేనే తీసుకున్నాన్రా," గొణిగాడు మేస్త్రీ. "నీతో అబద్ధం చెప్పాను."

బొమ్మ కదల్లేదు. తెర మీద అక్షరాలు మాత్రం ఒక్కొక్కటే పడ్డాయి.

"తెలుసన్నా. నీవి నేను చూసుకుంటున్నాలే. నువ్వు వచ్చేదాకా."

మేస్త్రీ మోకాళ్ళ మీద తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. తల ఎత్తాక, ఆ మాటల కింద కాపలా గడువు కనబడింది. పదకొండు రోజులు.

సోమవారం పొద్దున, మిషన్లన్నీ మోగుతుండగా, పనివాళ్ళ మధ్య నిలబడి మళ్ళీ చూశాడు.

పది.