చాప ముందు మందులు

మహతి క్లాసులో మొదటి రోజు ఆసనాలు ఉండవు. ఎవరి మందులు వాళ్ళు తెచ్చి చాప ముందు పెట్టాలి. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు, మోకాళ్ళకు రాసుకునే తైలం, ఏదైనా సరే. ఆమె ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని, పేరు చదివి, మళ్ళీ అక్కడే పెడుతుంది.

"కుండలిని యోగా అని బోర్డు కట్టి మందులషాపు తెరిచావేంటి తల్లీ," అంది ఖైరున్నీసా. ఆమె కింద వీధిలో జాకెట్లు కుడుతుంది. నడుం నొప్పి తగ్గుతుందని వచ్చింది. మంత్రం చెప్పేటప్పుడు తను ఊరికే కూర్చుంటానని ముందే చెప్పింది. మహతి సరేనంది.

"మందులు మానేద్దామనుకునే వాళ్ళు ఇక్కడికి రావద్దండీ. శ్వాస శ్వాసే, మందు మందే. క్లాసైనా మందైనా నాకు చెప్పకుండా మానెయ్యకూడదు."

అప్పుడే మెట్లెక్కి వచ్చాడు జయదేవ్. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. గుంటూరు మిర్చియార్డులో ఒక కమీషన్ కొట్టు గుమస్తా. తెల్లవారుజామున దిగిన లారీల దగ్గర్నుంచి అటునుంచి అటే వచ్చినట్టున్నాడు, చొక్కా భుజాల మీద ఎర్రటి పొడి ఉంది. వెనక వరసలో చాప పరిచి, చొక్కా ఓసారి దులుపుకున్నాడు.

"కళ్ళు మూసుకుని, ముక్కుతో నిండుగా గాలి పీల్చండి," అంది మహతి.

పద్నాలుగు మంది పీల్చారు. పద్నాలుగు మందీ తుమ్మారు. ఒకాయన దగ్గుకుంటూ కిటికీ దగ్గరకు పరుగెత్తాడు.

"ఎవరండీ అది?" మహతి కళ్ళు తుడుచుకుంటూ లేచింది. "నేను గాలి పీల్చమంటే మీరు కారం పీల్పిస్తున్నారు."

"సారీ మేడమ్. మాకు ఇదే గాలి."

"కింద కొళాయి ఉంది, కడుక్కుని రండి. మీ మందులేవి?"

అతను ఒక్క క్షణం ఆగాడు. "ఏం లేవండీ. నాకేం రోగం?"

అతను ఆగడం మహతి చూసింది. చూసి ఊరుకుంది.

ఆ మందుల నియమం ఊరికే పెట్టింది కాదు. ఆమె తండ్రి జానకిరామయ్య గారు స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరై, ఇదే మేడ మీద చాలా ఏళ్ళు యోగా నేర్పారు. ఊపిరి అదుపులో ఉంటే నెత్తురూ అదుపులో ఉంటుందని ఆయన నమ్మకం. ఒకరోజు పొద్దున క్లాసు మధ్యలో పక్కకు ఒరిగిపోయారు. కర్మలన్నీ అయ్యాక దిండు గలీబు ఉతకబోతే అందులో పదకొండు షీట్లు బీపీ మాత్రలు దొరికాయి. ఒక్కటీ చింపలేదు. నెలల తరబడి ఆ దిండు మీదే తల పెట్టి పడుకున్నారు. పక్క గదిలో ఉన్న కూతురికి మాట చెప్పలేదు. ఆయన పోవడం కంటే, చెప్పకుండా పోవడం మహతిని ఎక్కువ తినేసింది.

పాఠం మెల్లగా సాగింది.

"వెన్నుపూస చివర మూలాధారం. అక్కడ కుండలిని మూడున్నర చుట్లు చుట్టుకుని పాములా నిద్రపోతుందని పెద్దలు చెప్పారు. దాన్ని లేపాలని తొందరపడకూడదు. వెన్ను నిటారుగా పెట్టుకోవడం, ఊపిరి నెమ్మదిగా తీసి నెమ్మదిగా వదలడం, ప్రస్తుతానికి మన పని అంతే. కడుపు ఖాళీగా ఉండాలి. కళ్ళు తిరిగితే ఆపెయ్యాలి. ఎవరితోనూ పోటీ పడకూడదు."

"పాము లేచినట్టు ఎలా తెలుస్తుంది మేడమ్?" అన్నాడు జయదేవ్.

"ముందు మీరు సరిగ్గా కూర్చోండి. మీ వంకర నడుం చూసి అది ఇంకో చుట్టు చుట్టుకుంటుంది."

"నాది లేవకపోతేనే నయం," అంది ఖైరున్నీసా. "అది లేచి నెత్తికెక్కితే మిషను ఎవరు తొక్కుతారు?"

పొట్టను గబగబా లోపలికి లాగుతూ వదిలే అగ్నిశ్వాస నేర్పిన రోజున జయదేవ్ పెదాలు నల్లబడటం మహతి గమనించింది. "మీరది చెయ్యొద్దు. మీకు దీర్ఘశ్వాస చాలు," అంది.

"అందరికీ నిప్పు, నాకు నీళ్ళా?"

"మీకు యార్డులో ఉన్న నిప్పు చాలదా?"

అతను నవ్వి మాట విన్నాడు. క్లాసు అయ్యాక ఆగి అందరి చాపలూ చుట్టి గోడకు నిలబెట్టేవాడు. చుట్టేటప్పుడు ఒక్కోసారి ఆమె చాప కూడా చుట్టబోయి, ఆమె దాని మీద కూర్చుని ఉందని తర్వాత చూసుకున్నట్టు నటించేవాడు.

పద్దెనిమిదో రోజు, అందరూ కళ్ళు మూసుకున్న వేళ, వెనక వరసలోంచి చెయ్యి లేచింది.

"మేడమ్. లేచింది."

"ఏం లేచింది?"

"మంట. వెన్ను చివర మొదలైంది. పైకి పాకుతోంది."

పక్కన కూర్చున్న పెద్దాయన జయదేవ్ వైపు తిరిగి చేతులు జోడించాడు. మహతికి భయమేసింది. ఇన్నేళ్ళలో ఎవరూ ఈ మాట అనలేదు. ఖైరున్నీసా మాత్రం లేచి వెళ్ళి, అతని వెనక వంగి, బెల్టు మడతలో రెండు వేళ్ళు పెట్టి ఏదో తీసి అరచేతిలో చూపించింది. మిరపగింజలు.

"నిన్నంతా బస్తాల మీద కూర్చున్నావు, పొద్దున్నే అదే పాంటు తొడుక్కున్నావు. చెమట పట్టింది. పాము లేదు, పుట్టా లేదు నాయనా."

పెద్దాయన జోడించిన చేతులు మెల్లగా దించేశాడు. అక్కడ మొదలైంది నవ్వు. మహతి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని, ఆపుకోలేక, గోడకు ఆనుకుని నవ్వింది. తండ్రి పోయాక ఆ గదిలో ఆమె నవ్వు ఎవరూ వినలేదు. జయదేవ్ మంట మరిచిపోయి ఆమెనే చూశాడు.

"రోజూ నాలుగు గింజలు వేసుకొస్తానండీ అయితే," అన్నాడు.

ఫాల్గుణంలో ఒక పొద్దున క్లాసు అవగానే వాన పట్టుకుంది. కథల్లో వాన పడితే జంటలు తడుస్తారు. ఈ వైపు మిరపకాయ ఆరే రోజుల్లో వాన పడితే జనం టార్పాలిన్ల కోసం పరుగెడతారు. వీధంతా కేకలు. మెట్ల కింద వాళ్ళిద్దరే మిగిలారు.

"మీరు పరుగెత్తరా?" అంది మహతి.

"మా కొట్టు సరుకు షెడ్డులోనే ఉంది. అద్దంకిలో మా మేనమామ కాయ కల్లంలో ఉంది. ఇక్కణ్ణుంచి పరుగెత్తినా అందదు." అతను వాన వైపే చూస్తున్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు. "మీ క్లాసు వల్ల నాకెంత మేలు జరిగిందో మీకు తెలీదు మహతి గారూ. ఇన్ని రోజులుగా నాకు దాని అవసరమే పడలేదు."

"దేని అవసరం?"

అతను మళ్ళీ వాన వైపు తిరిగాడు. "టీ అండీ. పొద్దున్నే టీ."

అది అబద్ధమని ఆమెకు తెలుసు. మొదటి రోజు ఆగినట్టే ఆగాడు. ఇంకొక్క మాట అడిగితే నిజం బయటికి వచ్చేది. కానీ తన వల్ల ఒక మనిషికి మేలు జరిగిందన్న మాట అంత దగ్గర నిలబడి ఎవరైనా చెప్పి చాలా కాలమైంది. చూరు నీళ్ళు ఇద్దరి ముందూ పడుతున్నాయి. ఆమె అడగలేదు.

ఆ మర్నాడు అతను రాలేదు. రెండో రోజూ రాలేదు. ఆ రోజు ఖైరున్నీసా ఆలస్యంగా, చాప లేకుండా వచ్చింది.

"మా తమ్ముడు గౌస్ బాషా యార్డులో బస్తాలు మోస్తాడు కదా. మొన్న సాయంత్రం మీ జయదేవ్ బస్తా కోసి మచ్చుకి కాయ చూపిస్తూ చూపిస్తూ ఊపిరాడక పడిపోయాడంట. మావాడే మోసుకెళ్ళి ఆటోలో వేశాడు. ఆస్పత్రిలో ఉన్నాడు తల్లీ."

ఆస్పత్రి మంచం పక్కన అతని తల్లి కూర్చుని ఉంది. అతని మూతికి ఆక్సిజన్ మాస్కు. మహతి తనెవరో చెప్పగానే ఆ తల్లి చాలాసేపు ఆమె మొహం చూసింది. తర్వాత కొడుకు సంచిలోంచి ఒక అట్టపెట్టె తీసి చేతిలో పెట్టింది. ఇన్‌హేలర్. సీలు కూడా తియ్యలేదు.

"ఏడేళ్ళుగా ఉబ్బసం. రెండు పూటలా పీల్చాలి. మీ క్లాసుకి వచ్చాక ఛాతీ తెరుచుకుందన్నాడు. ఇక ఇది అక్కర్లేదన్నాడు. పొద్దున్నే హుషారుగా వెళ్ళేవాడు." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నేనూ నమ్మానమ్మాయ్."

మహతికి దిండు గలీబు గుర్తొచ్చింది. మంచం దగ్గరకు వెళ్ళింది.

"మందులేవని అడిగాను. లేవన్నారు."

అతను మాస్కు కొంచెం పక్కకు జరిపాడు. "చూపిస్తే పంపించేస్తారనుకున్నాను."

"పంపేదాన్ని కాదు."

"అయితే పేషెంటునయ్యేవాణ్ణి. మీ ముందు అలా కూర్చోవాలనిపించలేదు."

అలాంటి మాట కోసం ఆమె మనసు ఎన్నాళ్ళో ఎదురు చూసింది. అది ఇక్కడ, ఇలా వస్తుందనుకోలేదు. మాస్కు తనే సర్ది పెట్టింది.

"వాన రోజు నేను అడగాల్సింది. తప్పు నాది కూడా. కానీ మా నాన్న ఇలాగే దాచారండీ. ఇద్దర్ని మొయ్యలేను. మీరిక క్లాసుకి రావద్దు."

అతను కళ్ళు మూసుకున్నాడు. ఆమె వెనక్కి చూడకుండా మెట్లు దిగింది. గేటు దాటాక గాని తను ఊపిరి బిగబట్టి నడుస్తున్నానని ఆమెకు తెలియలేదు.

మహతి బోర్డు దింపేసింది. తలుపు గడియ పెట్టుకుని, తండ్రి మాత్రల షీట్లు ఉన్న డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. అయిదో రోజు ఖైరున్నీసా తలుపు బాదింది.

"నువ్వు మానేస్తే నా నడుం ఎవడు చూస్తాడు? చెప్పకుండా మానెయ్యకూడదని మాకు రూలు పెట్టింది నువ్వే కదా. మాకో రూలు, నీకో రూలా?"

బోర్డు మళ్ళీ ఎక్కింది. ఎండలు ముదిరాయి. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చారు, గాలిలో ఘాటు తగ్గింది. మహతి రోజూ పాఠం మొదలుపెట్టే ముందు మెట్ల వైపు చూసేది. రావద్దన్నది తనే. చూస్తున్నదీ తనే.

ఒక పొద్దున మెట్ల మీద అడుగులు వినిపించాయి. నాలుగు మెట్లు, కాసేపు ఆగడం. మళ్ళీ నాలుగు మెట్లు. జయదేవ్ లోపలికి వచ్చాడు. చిక్కిపోయాడు, చొక్కా వదులైంది. ఉతికిన తెల్ల చొక్కా. వెనకే తల్లి.

అతను ఈసారి ముందు వరసలో చాప పరిచాడు. సంచిలోంచి ఒక్కొక్కటే తీసి చాప ముందు పెట్టాడు. ఇన్‌హేలర్, రెండు రకాల మాత్రలు, డాక్టరు చీటీ, ఛాతీ ఎక్స్‌రే.

"ఉబ్బసం," అన్నాడు. "యార్డు మానేశాను. తాడేపల్లిలో ఫ్యాన్ల షాపులో చేరాను. పాడైన ఊపిరితిత్తులు మళ్ళీ మునుపటిలా కావన్నారు. జాగ్రత్తగా ఉంటే చాలా ఏళ్ళు ఉంటానన్నారు. ఎన్నేళ్ళో చెప్పలేదు. దీర్ఘశ్వాస చెయ్యొచ్చని చీటీలో రాయించుకొచ్చాను." కాస్త ఆగాడు, ఊపిరి కోసం. "దాచింది ఇంకొకటుంది. అది మీకు తెలుసు."

మహతి కింద కూర్చుంది. ఇన్‌హేలర్ చేతిలోకి తీసుకుంది. సీలు తీసి ఉంది, వాడుతున్నాడు. పేరు చదివింది. ఎప్పటిలా వెంటనే పెట్టెయ్యకుండా ఇంకోసారి చదివి, అప్పుడు అక్కడ పెట్టింది.

అతని తల్లి వచ్చి పక్కన చతికిలబడి, కొంగుముడి విప్పి, అలాంటిదే ఇంకొకటి తీసింది.

"ఒకటి వాడి దగ్గర, ఒకటి ఇంట్లో. ఇది మూడోది. నీ దగ్గరుంచు అమ్మాయ్."

"నా దగ్గరెందుకండీ? ఆయన ఇక్కడుండేది గంటే కదా."

"గంట కోసం ఇవ్వడం లేదు."

మహతి తలెత్తలేదు. ఆ మూడోదాన్ని చున్నీ కొసలో పెట్టి ముడి వేసుకుంది.

"సరే, ఇక మమ్మల్ని కళ్ళు మూసుకోమంటావా, చూస్తూ ఉండమంటావా తల్లీ?" అంది ఖైరున్నీసా.

"మూసుకోండి," అంది మహతి. "నెమ్మదిగా పీల్చండి."

గదిలో అందరి ఊపిరీ ఒకటిగా లేచింది. అందులో ముందు వరసలోని ఊపిరిని ఆమె విడిగా వినగలిగింది. దానిలో పిల్లికూతలు ఇంకా ఉన్నాయి. అవి వినిపించినంతసేపూ అతను ఉన్నట్టే. ఆమె కళ్ళు మూసుకుని, వాటిని వింటూ, తన ఊపిరిని కూడా ఆ నడకకే తగ్గించుకుంది.