పదహారో ఫొటో

"ఫ్లెక్సీల నీ మొకమెందుకున్నది?"

మేడ్చల్‌లో ఖాలిక్ భాయ్ ఫ్లెక్సీ షాపులోకి అడుగు పెడుతూనే రోజారాణి అడిగిన మాట ఇది. అడిగింది అక్కడ డిజైన్లు చేసే యాదయ్యను. ప్రేమకథలో హీరోకి ఈ పేరేమిటని మీకు అనిపించవచ్చు. ఇరవై నాలుగేళ్లుగా అతనికీ అనిపిస్తూనే ఉంది. కానీ గుట్ట దేవుడికి మొక్కుకుని తల్లి పెట్టిన పేరు, ఇంకేం చేస్తాడు?

సంగతేమిటంటే, గౌడవెల్లి దారిలోని సిస్టర్ల బడికి ఆ ఏడాది, అంటే రెండువేల పన్నెండులో, పాతికేళ్లు నిండాయి. ఉన్నది ఐదో తరగతి దాకే. అయినా ఆదివారం జూబ్లీకి గేటు మీద 'మా బడి ఆణిముత్యాలు' అని పదహారు మంది పాత విద్యార్థుల ఫొటోలతో పెద్ద ఫ్లెక్సీ కట్టాలని హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ గారు నిర్ణయించారు. అందులో ఒక డాక్టరు ఇక్కడ యూకేజీ మూడు నెలలే చదివాడు. ఆ మూడు నెలల్లోనే పునాది పడిందని సిస్టర్ గారి గట్టి నమ్మకం.

వివరాలు సేకరించే పని రోజారాణికి పడింది. ఆమె యాదయ్యతో పాటు ఆ బడిలోనే చదివి, ఆ బడిలోనే మూడో తరగతికి పాఠాలు చెబుతోంది. సోమవారం షాపుకు వచ్చి కంప్యూటర్లో డిజైన్ చూస్తే పదిహేను మంది తర్వాత, ఇంకా ఎవరూ ఖాయం కాని పదహారో గడిలో యాదయ్య పెట్టిన తన ఫొటో కనిపించింది. పైకి ఏమీ అనలేదు గానీ ఇంటికి వెళ్లి తండ్రి లింగానికి చెప్పింది. లింగం ఫ్యాక్టరీలో షిఫ్టు మొత్తానికీ చెప్పాడు.

మంగళవారం సిస్టర్ గారు షాపుకు వచ్చి డిజైన్ చూశారు.

"ఈ అమ్మాయి మన టీచరే కదా యాదయ్యా. ఆమె సాధించినది ఏమున్నది? మన బడిలో చదివి మన బడికే వస్తే ముందుకు వెళ్లనట్టే కదా బాబూ. తీసివేయండి. వేరే ఫొటో సాయంత్రం పంపుతాను."

ఆ ఫొటో రాలేదు. గడి ఖాళీగా ఉంటే వరస చెడిపోతుందని, అసలుది వచ్చేదాకా చేతికందిన ముఖమేదో పెట్టి, పక్క గడిలోని అక్షరాలే కాపీ చేసి ఉంచడం ఆ షాపులో అలవాటు. యాదయ్య చేతికి అందింది తన పాస్‌పోర్టు ఫొటో. పక్క గడిలో ఉన్నది బెంగుళూరు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఇంతలో ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టడానికి పేట్ బషీరాబాద్ వెళ్లాల్సి వచ్చింది. అతను తిరిగొచ్చేసరికి ఖాలిక్ భాయ్ ప్రింటు తీసి పంపేశాడు.

మర్నాడు పొద్దున లింగం ఇద్దరు దోస్తులను బండి మీద ఎక్కించుకుని బిడ్డ ఫొటో చూపిద్దామని గేటు దగ్గరికి పోయాడు. పదహారో గడిలో యాదయ్య నవ్వుతున్నాడు. కింద 'సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, బెంగుళూరు' అని ఉంది.

"మా నాయిన గాళ్ల ముంగట తల దించుకున్నడు. నన్ను తీసేసి నువ్వు గూసున్నవా? గంత షోకుంటే సొంతంగ ఇంకో ఫ్లెక్సీ కొట్టుకోరాదు?" అంది షాపులో నిలబడి రోజారాణి.

సిస్టర్ గారి మాటలు చెబితే యాదయ్య తప్పు సగం తీరుతుంది. కానీ ఈమె రేపు పొద్దున మళ్లీ అదే గేటులోంచి లోపలికి వెళ్లాలి కదా.

"తప్పు నాదే," అన్నాడు.

"తప్పు గాదు, సిగ్గులేకపోవుడు." ఆమె వెళ్లిపోయింది.

"అరే, బోల్ దేనా థా న, అసలు సంగతి చెప్పేస్తే పోయేది గదా," అన్నాడు ఖాలిక్ భాయ్.

"గామెకు నా మీద కోపమొస్తే ఒక్కదినం పరేషాన్ భాయ్. బడి మీదొస్తే రోజూ పరేషానే."

అలా అన్నాడు గానీ ఆ పూట టీ కూడా తాగలేదు. ఐదో తరగతి నుంచీ ఇష్టమున్న అమ్మాయి, తనను దొంగను చూసినట్టు చూసి పోయింది మరి.

ఫ్లెక్సీలో తప్పు పడితే అంతమేరకు కొత్త ముక్క తీసి పైన అతికిస్తారు. దాన్ని ప్యాచ్ అంటారు. గంటలో ప్యాచ్ వేస్తానని యాదయ్య సిస్టర్ గారికి ఫోన్ చేశాడు.

"వద్దు బాబూ. ఒకటి మార్చితే మిగిలిన పదిహేను మంది మీద కూడా అనుమానం వస్తుంది. ఆదివారం వచ్చి శాలువా కప్పించుకొని వెళ్లండి. మౌనం అబద్ధం కాదు," అన్నారు ఆవిడ.

ఆదివారం బడి ఆవరణ నిండిపోయింది. గేటు మీది ఫ్లెక్సీని విప్పి స్టేజీ వెనక కట్టారు. మైకు ముందు రోజారాణి. పదిహేను శాలువాలు అయ్యాక కాగితం చూసి, పళ్లు బిగబట్టి చదివింది: "ఇప్పుడు, బెంగుళూరు నుంచి ఎంతో శ్రమకోర్చి విచ్చేసిన మన యాదయ్య గారు."

అతను చంకలో ఫ్లెక్సీ చుట్టతో, చేతిలో స్టూలుతో స్టేజీ ఎక్కాడు. శాలువా వద్దని, మైకు అడిగి తీసుకున్నాడు.

"నేను బెంగుళూరు సూడనే లేదు. మేడ్చల్ల ఫ్లెక్సీలు జేస్త. గా జాగల రోజారాణి టీచర్ ఫొటో ఉండె. తీసిన చెయ్యి నాది. ఐదో తరగతిల నాకు లెక్కలు రాకపోతే గామెనే పక్కన గూసొని నేర్పింది. గివాళ ఫ్లెక్సీకి చదరపు అడుగులు లెక్కగడుతున్ననంటే గామె పుణ్యమే. గిప్పుడు మీ పిల్లలకు గూడ నేర్పుతాంది. ఆణిముత్యమంటే ఇంకెట్లుంటదో నాకెరుక లేదు."

స్టూలెక్కి, చుట్ట విప్పి, తన ముఖం మీద ఆమె ఫొటో అతికించాడు. కింద 'రోజారాణి, టీచర్, మన బడి' అని ఉంది. కంగారులో ముక్కు దగ్గర గాలిబుడగ మిగిలిపోయింది.

జనం ఒక క్షణం ఆగి చప్పట్లు కొట్టారు. అది సద్దుమణగకముందే మొదటి వరసలో డాక్టరు గారు లేచారు. "తమ్మీ, నాకొక ప్యాచ్ ఉన్నదా? నేను మందుల కంపెనీల సేల్స్ జేస్త. మా అమ్మనే డాక్టరని రాయించింది." వెనక నుంచి ఫ్లెక్సీలో ఉన్న లాయరు గారు కూడా చెయ్యెత్తారు. ఆయన శామీర్‌పేటలో జిరాక్స్ సెంటర్ నడుపుతున్నాడట.

వేదిక మీది ఫాదర్ గారు నవ్వాపుకోలేకపోయారు. "ముప్పై ఏళ్లుగా, తప్పులు ఒప్పుకుంటూ చెవిలో చెప్పే పాపసంకీర్తనాలు వింటున్నాను. మైకులో వినడం ఇదే మొదటిసారి."

సిస్టర్ గారు చప్పున మైకు అందుకున్నారు. "చూశారా, ఈ నిజాయితీకి కూడా పునాది మన బడిలోనే పడింది."

సభ ముగిశాక యాదయ్య స్టూలు మోసుకుపోతుంటే రోజారాణి అడ్డం వచ్చింది.

"తీసిన చెయ్యి నీదన్నవ్. తియ్యమన్నది సిస్టరే గదా?"

అతను స్టూలు కింద పెట్టాడు.

"గా దినం నేను గన్ని మాటలంటే ఎందుకు జెప్పలే?"

"జెప్తే, తెల్లారి గీ బడికి నువ్వెట్ల వస్తవు?"

రోజారాణికి కళ్లు చెమర్చాయి. తన రేపటి గురించి ఆలోచించిన మనిషి ఇంతవరకు ఒక్కరూ లేరు. ఆ మనిషినే షాపుకెళ్లి మరీ దులిపేసినందుకు సిగ్గేసింది. సంతోషం కూడా వేసింది.

"ఇంకోటి గూడ జెప్పలే," అన్నాడు యాదయ్య స్టూలు వైపు చూస్తూ. "నాకు నువ్వంటే ఇష్టం."

"నాకెరుకనే. ఊకె ఎవరన్న గంత పెద్ద ఫొటో కొడ్తరా?"

అప్పుడే లింగం వచ్చాడు. గర్వంతో మనిషి ఇంతెత్తున ఉన్నాడు. "బాబూ, గా ఫొటో ఒకటి మా ఇంటికి గావాలె."

"ఎంత సైజు గావాలె మామా?"

"మామెవరు నీకు? జర ఆగరాదు," అంది రోజారాణి, ముఖం ఎర్రబడి.

లింగం అతన్నీ, స్టూలునూ, బిడ్డనూ ఒకసారి చూశాడు.

"పిలవనీ బిడ్డా. బెంగుళూరుకైతే పోడు గద."