బండి బయట పొయ్యి

ఆ ఉదయం కూడా సత్యమ్మ ఉప్మా ప్లేటు పక్కకి జరిపేసి, రెండు ఖర్జూరాలు నోట్లో వేసుకుని షుగర్ మాత్ర మింగింది.

"కార్తీక మాసం కదమ్మా, ఒంటిపూట" అంది కోడలితో.

ఆ ఒంటిపూట ఏ పూటో ఇంద్రజకి మాత్రం ఇంతవరకు కనపడలేదు. తను కూడా "ప్రయాణంలో కడుపులో తిప్పుతుంది" అంటూ అరటిపండు వొలుచుకుంది. ఉప్మా అంతా కొడుకు రవికిరణ్ ఒక్కడే సుష్టుగా లాగించాడు.

బంగారం తవ్వుకున్న పాతకాలం ఊళ్లు అమ్మకి చూపించాలని అతనికి ఎన్నాళ్లుగానో కోరిక. అందుకే జాన్సన్‌విల్‌లో తమ ఇంటి నుంచి బయల్దేరి, ఫెర్రీలో సముద్రం దాటి, అవతలి దీవిలో నీడలేని ఈ ఒటాగో కొండల దాకా వచ్చారు. అమ్మ మోకాళ్లకి కష్టం కాకూడదని లోపలే టాయిలెట్ ఉన్న క్యాంపర్ వ్యాన్ వెతికి మరీ అద్దెకి తీసుకున్నాడు. చుట్టాలందరికీ వీడియో కాల్‌లో ఆ తలుపు తీసి చూపించాడు కూడా.

అలాంటి పాత ఊళ్లలో ఒకటైన బెండిగోలో బండి ఆపగానే సత్యమ్మ ముందు దిగి, కాలిబాట పట్టుకుని రాతి ఇళ్ల వైపు నడిచింది.

"షుగర్ ఉన్న మనిషి మాత్ర వేసుకుని తినకపోతే ఏమవుతుందో తెలుసా? నువ్వైనా చెప్పొచ్చుగా" అంది ఇంద్రజ.

"ఇంట్లో చేసినట్టు చేస్తే తినేదేమో. ఇక్కడ నువ్వు ఏదో చుట్టబెట్టేస్తున్నావు."

ఆ మాటకి ఇంద్రజ మనసు చివుక్కుమంది. మాటా మాటా పెరిగింది. ఇద్దరూ తలెత్తి చూసేసరికి బాట మీద సత్యమ్మ లేదు.

పక్కనే బోర్డు ఉంది: పాత గని గోతులున్నాయి, బాట దిగొద్దు అని. ఫోన్‌లో సిగ్నల్ లేదు. రవికిరణ్ "అమ్మా" అని పిలుస్తూ ఒక వైపు పరిగెత్తాడు, జ్యూస్ డబ్బా పట్టుకుని ఇంద్రజ ఇంకో వైపు. కనపడిన ప్రతి గోతిలోకీ ఆమె తొంగి చూసింది.

పైకప్పు లేని ఒక రాతి ఇంట్లో, చల్లారి ఎన్నేళ్లయిందో తెలియని పొయ్యి గూడు పక్కన, సత్యమ్మ చెమటలతో తడిసిపోయి కూర్చుని ఉంది. ఇంద్రజ ఆమెని ఒళ్లోకి తీసుకుని గుక్కగుక్కగా జ్యూస్ తాగించింది. కాసేపటికి సత్యమ్మ తేరుకుంది.

"నా వంట అంత బాలేదా అత్తయ్యా?" అంది ఇంద్రజ.

"నీ వంటకేమమ్మా. పొయ్యికి మూరెడు దూరంలో ఆ దొడ్డి. అక్కడ వండిన అన్నం గొంతు దిగట్లేదు. వాడు నాకోసమే ముచ్చటపడి తెచ్చాడు, ఏం చెప్పను? వాడితో అనకు."

ఇంద్రజకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"నాకు మాత్రం దిగుతోందా? బయల్దేరిన దగ్గర్నుంచీ అరటిపళ్ల మీదే బతుకుతున్నా."

గుమ్మం దగ్గర రవికిరణ్ నిలబడి ఉన్నాడు. మొత్తం విన్నాడు. తల్లిని పొదివి పట్టుకుని బండి దాకా నడిపించాడు. సరస్సు ఒడ్డున క్యాంప్ సైట్‌కి చేరాక, గ్యాస్ పొయ్యి తీసుకెళ్లి బండికి చాలా దూరంగా మడత బల్ల మీద పెట్టాడు. మంట ఆరిపోకుండా గాలికి అడ్డంగా దుప్పటి పట్టుకుని, ఇంద్రజ అన్నం, పప్పు వండేదాకా అలాగే నిలబడ్డాడు.

సత్యమ్మ ఆకలిగా ముద్ద కలుపుతుంటే అతని కళ్లలో నీళ్లు నిండాయి.

"ఒక్క మాట చెప్పొచ్చు కదమ్మా."

"చెబితే నీ మొహం చిన్నబోతుందిరా."

"నా మొహం కోసం ప్రాణం మీదకి తెచ్చుకుంటావా?"

సత్యమ్మ ముద్ద మింగి, ఎడమచేత్తో కొడుకు చెంప తుడిచింది. తర్వాత కోడలి వైపు తిరిగి కాస్త మొహమాటంగానే అంది:

"ఇక అన్నీ చెప్పేస్తాలే. పప్పులో ఉప్పు తగ్గిందమ్మాయ్."

కళ్లు తుడుచుకుంటూ ఇంద్రజ ఉప్పు తేవడానికి లేచింది.