జెండాకు కుడిపక్క జాగా

మోత్కూర్ నుంచి రామన్నపేట పోయే తోవలో, రోడ్డు దిగి గుట్టల వైపు కొంత దూరం పోతే ఆడపిల్లల సైనిక కాలేజీ ఒకటి ఉంది. డిగ్రీ చదువుతోపాటు పొద్దున పరుగు, సాయంత్రం డ్రిల్లు. చుట్టూ ముళ్లతీగ కంచె, కంచె అవతల కందిచేన్లు, వాటి వెనుక రాతిగుట్టలు. కాలేజీ ముందు ఎర్రమట్టి పరేడ్ గ్రౌండు. చలికాలం తెల్లవారుజామున ఆ గ్రౌండు మీద మంచు ఎంత దట్టంగా దిగేదంటే, మెస్సు వరండాలో నిలబడి చూస్తే జెండాకర్ర కొస తప్ప ఇంకేమీ కనబడేది కాదు.

స్వర్ణ ఆ జులైలోనే ఆ కాలేజీలో చేరింది. రామన్నపేట పక్క పల్లె. బాపు భిక్షపతి మగ్గం నేస్తాడు. మగ్గం చప్పుడు వింటూ పెరిగిన పిల్ల కాబట్టి అడుగు తాళం ఎన్నడూ తప్పేది కాదు. చిన్నప్పుడు బాపు భుజాల మీద కూర్చొని గణతంత్ర దినం పరేడు చూసింది. తెల్లటి చేతితొడుగులు వేసుకొని, జెండాకు అటూ ఇటూ నడిచిపోయిన ఆడపిల్లలు అప్పటినుంచీ ఆమె మనసులో నడుస్తూనే ఉన్నారు.

అందుకే డ్రిల్లు జట్టుకు పిల్లల్ని ఏరుతున్నారని తెలియగానే అందరికంటే ముందు పేరిచ్చింది.

ఏరింది డ్రిల్లు మేడం వసంతలక్ష్మి. కేంద్ర బలగాల్లో చాన్నాళ్లు పనిచేసి వచ్చిన మనిషి. ఆమె గొంతెత్తితే గుట్ట మీది పావురాలు లేచిపోయేవి. పేరిచ్చిన పిల్లలందర్నీ మిట్టమధ్యాహ్నం సావధాన్‌లో నిలబెట్టి, తాను గొడుగు కింద కుర్చీ వేసుకొని కూర్చుంది. మడమలు కలిపి, పిడికిళ్లు తొడలకు ఆనించి, చూపు ఎదురుగా... అంతే. ఒక్కొక్కరే కదిలిపోయారు. స్వర్ణ కనురెప్ప మీద ఈగ వాలి, ముక్కు మీదికి నడిచి, పెదవి దాకా వచ్చింది. స్వర్ణ కదల్లేదు.

మేడం లేచి దగ్గరికి వచ్చి, ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపులో మెప్పు ఉంది కానీ, దాని వెనుక ఇంకేదో కూడా ఉందనిపించింది స్వర్ణకు.

"రాయిలెక్క నిలవడ్డవు" అంది మేడం. "నిషాన్ టోలీల పెడుత."

నిషాన్ టోలీ అంటే జట్టుకు ముందు జెండాతో నడిచే చిన్న బృందం. నడుమ జెండా పట్టుకునే పిల్ల, దానికి కాపలాగా ఎడమన ఒకరు, కుడిన ఒకరు. వెనుక మిగతా జట్టు వరుసలు కట్టి నడుస్తుంది. జెండా పట్టేది అల్మాస్. మేళ్లచెరువు పిల్ల, ఆఖరి సంవత్సరం. పొడుగ్గా, మాట తక్కువగా ఉండేది. స్వర్ణను ఆమెకు ఎడమపక్క నిలబెట్టారు.

కుడిపక్క ఎవరూ లేరు.

మొదటి రోజు ఎవరో రాలేదేమో అనుకుంది స్వర్ణ. మర్నాడూ ఎవరూ రాలేదు. వారం గడిచినా ఆ జాగా అట్లాగే ఉంది. వింతేమిటంటే, జట్టు మొత్తం ఆ ఖాళీని మనిషిలాగే చూసేది. మలుపు తిరిగేటప్పుడు అల్మాస్ కుడివైపు ఒక మనిషి పట్టేంత జాగా వదిలి తిరిగేది. వెనుక వరుస దానికి తగ్గట్టే సర్దుకునేది. ఒకసారి స్వర్ణ అడిగితే, అల్మాస్ బూట్ల నాడా కట్టుకుంటూ, ఆ జాగా గట్లనే ఉంటదని మాత్రం చెప్పి లేచిపోయింది.

అసలు సంగతి మెస్సులో వంట చేసే బాలనర్సమ్మ చెప్పింది. ఒక మధ్యాహ్నం పప్పులో రాళ్లు ఏరుతూ, ఎవరూ వినకుండా, గొంతు తగ్గించి చెప్పింది. కిందటి మేలో రాష్ట్రావతరణ పరేడు కోసం రిహార్సల్ జరుగుతోందట. కుడిపక్క నిలబడేది మమత అనే పిల్ల. మేడంకు ఫోనొచ్చి లోపలికి పోయింది. పిల్లలేమో ఎండలో సావధాన్‌లో నిలబడ్డారు. ఆ ఎండకు గ్రౌండు మీద గాలి మసిలే నీళ్లలా ఆడుతోంది. బాలనర్సమ్మ వరండాలోంచి చూస్తూనే ఉంది. మొక్కల్లా నాటినట్టున్నారు పిల్లలు. వాళ్లలో మమత, చేతులు శరీరానికి అంటుకొని ఉండగానే, చెక్క పడ్డట్టు ముందుకు పడిపోయింది. ఎవరూ వంగలేదు. బాలనర్సమ్మ బిందె తీసుకొని ఉరికింది. దవాఖానకు పోయే తోవలోనే పిల్ల పానం పోయింది. పాత జబ్బని కాలేజీ వాళ్లు రాసుకున్నారు. తల్లిదండ్రులు వచ్చి, పిల్ల బట్టల పెట్టె తీసుకొని పోయారు.

 స్వర్ణ జట్టు మానేద్దామా అనుకుంది. కానీ జనవరి ఎంతో దూరం లేదు. పరేడుకు బాపు, అమ్మ మల్లమ్మ వస్తామన్నారు. ఆమె మానలేదు.

డిసెంబరు వచ్చాక చలి ముదిరింది. కాలేజీలో తిరిగే కుక్కలు రాత్రంతా ఎక్కడ పడుకునేవో కానీ, తెల్లవారే సరికి గ్రౌండులో ఒకే చోట ముడుచుకొని ఉండేవి. జట్టు రాగానే లేచి పోయేవి. అది సరిగ్గా జెండాకు కుడిపక్క జాగా.

రిహార్సల్‌లో సలామీ వేదిక ముందు నుంచి పోతూ "దాహినే దేఖ్" అని మేడం అరిస్తే, అందరి తలలూ ఒక్కసారి కుడివైపు తిరగాలి. జెండా పట్టిన అల్మాస్ మాత్రం ఎదురుగానే చూస్తుంది. ఎడమనున్న స్వర్ణ తల తిప్పితే అల్మాస్ చెంప కనబడేది, ఆ చెంప అవతల ఖాళీ. రోజూ ఆ ఖాళీలోకే చూసేది. మొదట్లో ఏమీ లేదు. తరువాత ఒక పొద్దున, మంచు అన్నిచోట్లా పాలలా గడ్డకట్టి ఉంటే, అక్కడ మాత్రం పాయగా విడిపోయి కనబడింది. ఆ పాయలో గాలి సన్నగా ఆడుతోంది. పొయ్యి మీది గాలిలా. మనిషెత్తున.

స్వర్ణ ఎవరికీ చెప్పలేదు.

జనవరిలో పరేడు దగ్గర పడుతుండగా, జిల్లా నుంచి ఒక పెద్దాఫీసరు వచ్చి రిహార్సల్ చూసి, జెండాకు ఒకపక్కే కాపలా ఉంటే కుంటిదానిలా ఉందని, రెండో పక్క కూడా నింపమని చెప్పి పోయాడు. ఆ సాయంత్రం మేడం స్వర్ణను పిలిచింది. అక్షిత అనే కొత్త పిల్లను ఎడమన పెడుతున్నానని, స్వర్ణ కుడికి మారాలని చెప్పింది. చెబుతున్నంతసేపూ కిటికీలోంచి బయటికే చూసింది.

"ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పు బిడ్డా" అంది చివరికి. "ఏమనుకోను."

అంత కఠినమైన మనిషి అట్లా బిడ్డా అని పిలవడం స్వర్ణకు చలి కంటే ఎక్కువ వణుకు పుట్టించింది. అయినా నిలబడతానంది. బాపు భుజాల మీదినుంచి చూసిన తెల్లటి తొడుగులు కళ్లముందు ఆడాయి.

మరునాడు ఇంకా చీకటి వదలకముందే జట్టు గ్రౌండులోకి వచ్చింది. ఆ రోజు పడినంత మంచు ఆ ఏడు మళ్లీ పడలేదు. చేయి చాపితే చేతివేళ్లు కనబడలేదు. తడిసిన ఎర్రమట్టి వాసన, బూటు పాలిష్ వాసన. దూరంగా మెస్సులో బాలనర్సమ్మ గిన్నెలు కడుగుతున్న చప్పుడు. కుక్కలు ఆ రోజు గ్రౌండులో లేవు. కంచె దగ్గర నిలబడి, మూతులు పైకెత్తి, గొంతులోంచి సన్నగా మూలుగుతున్నాయి.

మేడం గొంతు వినబడింది. వరుసలు సరిచేసింది. విశ్రామ్ అంది. కాళ్లు ఎడంగా జరిగాయి. అంతలో ఆమె జేబులో ఫోను మోగింది. ఇప్పుడే వస్తా, ఎవరూ కదలొద్దంటూ బూట్ల చప్పుడు ఆఫీసు వరండా వైపు పోయింది. మంచు ఆ చప్పుణ్ణి మింగేసింది.

స్వర్ణ కుడిపక్క జాగాలో నిలబడి ఉంది. ముందు హాయిగానే అనిపించింది. పాదాల కింద వెచ్చగా ఉంది. కుక్కలు ఇక్కడ ఎందుకు పడుకుంటాయో తెలిసింది. ఆ వెచ్చదనం మెల్లగా బూట్లలోకి ఎక్కింది. మేజోళ్లలోకి ఎక్కింది. మడమలు మండసాగాయి.

అప్పుడు వచ్చింది కమాండు.

"సా...వధాన్."

ఎటునుంచి వచ్చిందో ఆ మంచులో తెలియలేదు. మేడం తిరిగొచ్చిందనుకుంది స్వర్ణ. కమాండు ఇచ్చేటప్పుడు అందరి గొంతూ ఒకేలా ఉంటుంది కదా. మడమలు టక్కున కలిశాయి. అందరివీ.

తరువాత ఇంకే కమాండూ రాలేదు.

నిశ్శబ్దం. గిన్నెల చప్పుడు లేదు. కుక్కల మూలుగు లేదు. పక్కన అల్మాస్ ఊపిరి కూడా వినబడలేదు. మంచు తెల్లగా వెలగసాగింది. పొద్దు పొడవలేదు... అయినా వెలుగు. కళ్లు మూసుకుపోయేంత వెలుగు. నెత్తి మీద టోపీ పెనంలా కాలింది. చెమట కణతల మీదినుంచి జారి, మెడ మీదికి వచ్చి, అక్కడే ఆరిపోయింది. కాలిన మట్టి వాసన.

కదలాలనుకుంది. కాలు రాలేదు. చెయ్యి రాలేదు. నాలుక అంగిటికి అంటుకుపోయింది.

ఎవరైనా ఒక్కమాట... విశ్రామ్ అని ఒక్కమాట...

ఎవరూ అనలేదు.

కుడిచెవి పక్కన వేడిగా ఊపిరి తగిలింది.

"చెల్లె..."

ఎండిపోయిన గొంతు. పెదవులు పగిలిన మనిషి గొంతు.

"నిలవడకు చెల్లె... కదులు..."

 స్వర్ణ తల తిప్పలేదు. తిప్పలేకపోయింది. కానీ ఆ గొంతులో పగ లేదు. ఆమెకు అదే గుర్తుండిపోయింది. పరీక్ష హాల్లో పక్కపిల్ల జవాబు చెప్పినట్టు, ఎవరైనా వింటారేమోనన్న భయమే ఉంది దానిలో.

"కదులు... విశ్రామ్ రాదు."

మణికట్టును ఏదో పట్టుకుంది. కాలిన రాయిలాంటి చెయ్యి. ఒక్క గుంజు గుంజింది. స్వర్ణ మోకాళ్ల మీద ముందుకు పడింది. పడ్డచోట మట్టి చల్లగా ఉంది. తడిగా ఉంది. ఆ చలి తగలగానే ఊపిరి వచ్చింది. లేవడానికి బలం లేక, చేతుల మీద పాక్కుంటూ పక్కకు పోయింది.

అప్పుడు ఆమె పక్కనుంచి బూట్ల చప్పుడు పోయింది.

నిదానంగా. తాళం తప్పకుండా. ఒక జత బూట్లు మంచులోంచి వచ్చి, ఆమె వదిలిన జాగాలోకి నడిచి, ఆగి, మడమలు కలిపాయి.

"మేడం..." అంది స్వర్ణ.

ఆ బూట్లు కదల్లేదు.

స్వర్ణ ఉన్న బలమంతా కూడదీసుకొని "విశ్రామ్" అని అరిచింది. తనకే తెలియని గొంతు వచ్చింది. ఒక్కసారి అందరి కాళ్లూ ఎడంగా జరిగాయి. ఏడుపులు మొదలయ్యాయి. ఎవరో వాంతి చేసుకున్నారు. మంచు మెల్లగా పలచబడి, గుట్ట మీద మామూలు పొద్దు పొడిచింది. చలి పొద్దు.

జెండాకు కుడిపక్క వసంతలక్ష్మి మేడం సావధాన్‌లో నిలబడి ఉంది. పిడికిళ్లు తొడలకు ఆనించి, కళ్లు తెరిచి, రెప్ప వేయకుండా. మొహం ఎర్రగా కమిలిపోయింది. పెదవులు నెర్రెలిచ్చాయి. స్వర్ణ, అల్మాస్ కలిసి వరండాలోకి ఈడ్చుకొచ్చారు. మోకాళ్లు వంగలేదు. బాలనర్సమ్మ నీళ్లు పోస్తే పెదవుల మీదినుంచి జారిపోయాయి.

మోత్కూర్ దవాఖానలో డ్యూటీ డాక్టరు ఆమె చేయి పట్టుకొని చూసి, ఒంటి వేడి కొలిచి, మళ్లీ కొలిచాడు. బయట చలిమంటలు వేసుకొని కూర్చున్న జనాన్ని కిటికీలోంచి ఒకసారి చూశాడు. ఈమెను ఏ ఎండలో నిలబెట్టారని అడిగాడు. ఇది వడదెబ్బ అన్నాడు. నల్గొండకు తీసుకుపోతుంటే తోవలోనే ప్రాణం పోయింది.

కాలేజీ వాళ్లు గుండెపోటని చెప్పారు. ఆ ఏడు పరేడుకు జట్టు పోలేదు. పిల్లల్ని కొన్నాళ్లు ఇళ్లకు పొమ్మన్నారు. మమత పగ తీర్చుకుందని హాస్టల్లో గుసగుసలు పోయాయి. స్వర్ణ ఆ మాట నమ్మలేదు. తనను గుంజి పడేసిన చెయ్యి ఆమెకు తెలుసు.

ఆమెను పీకుతున్నది వేరే సంగతి. వాచ్‌మన్ కాటమయ్య అందరి ముందూ చెప్పాడు. మేడం వరండాలో తన పక్కనే నిలబడి ఫోను మాట్లాడుతోందట. గ్రౌండులోంచి సావధాన్ అని వినబడగానే మాట మధ్యలో ఆపేసి, ఫోను నేల మీద జారవిడిచి, కొత్తగా చేరిన జవానులా చేతులు ఊపుకుంటూ మంచులోకి నడిచిపోయిందట.

ఇంటికి పోయే రోజు బస్సు కోసం గేటు దగ్గర కూర్చున్నప్పుడు స్వర్ణ అల్మాస్‌ను అడిగింది.

"అక్కా, ఆ పొద్దు సావధాన్ ఎవలు చెప్పిండ్రు?"

 అల్మాస్ గ్రౌండు వైపు వీపు పెట్టి కూర్చుంది.

"మేడం కాదు."

"మరి మమతక్కనా?"

"మమత గొంతు నాకెరుకనే. ఆమెది కాదు." అల్మాస్ బ్యాగు పట్టీని వేలికి చుట్టుకుంటూ ఉంది. "మే నెలల మేడం లోపలికి పోయేటప్పుడు మమ్ముల విశ్రామ్‌లనే పెట్టిపోయింది. ఆమె గా మాట ఎంత చెప్పినా ఎవ్వలు నమ్మలే. మల్ల సావధాన్ వినవడ్డది. మొన్నటి గదే గొంతు."

బస్సు మలుపు తిరిగి వస్తోంది. స్వర్ణ లేవలేదు.

"యాడికెల్లి వినవడ్డదక్కా?"

"ముందటికెల్లి కాదు" అంది అల్మాస్. "మా వరుసలకెల్లే."